పెరడు - పొలము : ఉల్లిగడ్డను ఎప్పుడు నాటాలి?



పోయిన నెలలో ఒకే వారము రెండు ప్రశ్నలు నా యొద్దకు వచ్చాయి. రెండూ ఉల్లిని గురించినవే. ఒకటి ఉత్తరములో వచ్చింది. రెండవది కంచన్‌బాగ్‌లో మా ఇంటి వంటగదిలో, కత్తిపీట ముందు కూర్చున్న ఒక సహోదరి నోటి నుండి వచ్చింది.

ఉత్తరము వ్రాసిన తల్లిగారిది పశ్చిమ గోదావరి జిల్లా. ఆమె కుమారుడు ఉద్యోగరీత్యా స్కాట్లండు వెళ్ళాడు. అద్దెకు తీసుకున్న ఇంటి వెనుక కొంచెము పెరడు ఉన్నదట. అక్కడ దుకాణాలలో గోళీకాయలంత ఉల్లిగడ్డలను చిన్న సంచులలో పోసి, తినడానికి కాదు, నాటడానికే అమ్ముతారట. "అమ్మా, ఈ చలిలో వీటిని బయట ఎప్పుడు నాటాలి?" అని ఫోనులో అడిగాడట. ఆమెకు తెలియక నాకు వ్రాశారు. పనిలో పనిగా మన ఊరి ఉల్లి విత్తనము ఎవరిచేతనైనా పంపవచ్చునా అని కూడా అడిగారు.

రెండవ సహోదరిది అలంపురం దగ్గర, తుంగభద్ర ఒడ్డు గ్రామము. నేను ఆ ప్రాంతములో ఆరేండ్లు సేవ చేశాను. భర్తకు నడుము నొప్పి ముదిరితే ఆసుపత్రిలో చూపించడానికి హైదరాబాదు వచ్చి, మా ఇంట నాలుగు దినములు ఉన్నారు. వస్తూ వస్తూ అయ్యగారికని ఒక చిన్న సంచిలో తమ పొలములో పండిన ఉల్లిగడ్డలు తెచ్చింది. నిమ్మకాయంత కూడా లేవు. సంచి నా భార్య చేతికి ఇస్తూ, "ఇవే అమ్మగారూ మిగిలినవి, సిగ్గుపడుతా తెచ్చినా" అన్నది.

తరువాత సంగతంతా చెప్పింది. రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. కౌలు, దున్నకము, నారు, ఎరువులు, కూలీలు అన్నీ కలిపి 1,20,000 రూపాయలు అయ్యాయి. అందులో సగానికి పైగా నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదే. పంట అమ్మితే వచ్చింది 45,000. పెద్దమ్మాయి నర్సింగు రెండవ సంవత్సరము ఫీజు కట్టలేక, ఆ పిల్ల రెండు నెలలు ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇదంతా చెప్పి, కొంగుతో కళ్ళు తుడుచుకొని (ఉల్లి కోస్తున్నది గనుక ఏ కన్నీరు ఏదో నాకు తెలియలేదు) ఒక మాట అడిగింది. "అయ్యగారూ, పోయినేడు మేము దశమభాగము ఇయ్యలేదు. అందుకే దేవుడు ఇట్ల జేసినాడా? ఆకు మోకాటి ఎత్తు పోతరించింది. సగము చేను పూకాడలు లేచె. అడుగున గడ్డ మాత్రము ఊరలేదు."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. నారు ఎప్పుడు నాటారని అడిగాను. జనవరి ఆఖరులో అన్నది. నారు ఎక్కడిదన్నాను. భర్త మంచాన పడటముతో తాము నారు పోసుకోలేకపోయారట. ఎవరి దగ్గరో నాట్లు వేయగా మిగిలిన నారు కొన్నారు. దాని వయస్సు ఎంతని అడిగితే, రెండు నెలలు దాటి ఉంటుంది, కాడ చిటికెన వ్రేలంత లావు ఉండెను అన్నది.

అప్పుడు ఆమె తెచ్చిన గడ్డ ఒకటి, మలక్‌పేట గంజి నుండి నేను తెచ్చిన గడ్డ ఒకటి తీసుకొని రెంటినీ అడ్డముగా కోయమన్నాను. పొరలు లెక్కపెట్టమన్నాను. మార్కెట్టు గడ్డలో కండగల పొరలు ఎనిమిది. ఆమె గడ్డలో నాలుగే. మీరూ ఈ రోజు వంటలో ఒకసారి చూడండి. ఉల్లిగడ్డ అంటే వేరు కాదు, దుంప కాదు. ఆకుల అడుగు భాగములే ఉబ్బి ఒకదానినొకటి చుట్టుకొంటాయి. పైన ఎన్ని ఆకులు వచ్చి బలపడితే లోపల దాదాపు అన్ని పొరలు. గడ్డ ఊరడము మొదలయ్యేసరికి మొక్కకు ఎన్ని ఆకులున్నాయి అన్నదే గడ్డ ఎంత అవుతుందో నిర్ణయిస్తుంది. గడ్డ ఊరడము మొదలైన తరువాత క్రొత్త ఆకులు రావడము ఆగిపోతుంది. ఇక ఎంత యూరియా చల్లినా లాభము లేదు.

మరి గడ్డ ఊరడము ఎప్పుడు మొదలవుతుంది? చాలామంది అనుకొన్నట్లు నాటిన ఇన్ని రోజులకని కాదు. ఉల్లి పగటి పొద్దును కొలుస్తుంది. పగలు తనకు కావలసినంత పొడుగు అయ్యేదాకా ఆకులు వేస్తూ ఉంటుంది, ఆ పొడుగు రాగానే గడ్డ ఊరబెడుతుంది. వేడి దానికి తోడైతే ఇంకా త్వరపడుతుంది. మన దేశపు రకాలలో ఎక్కువ భాగము పగలు 11, 12 గంటలుంటే చాలుననుకొనేవి. స్కాట్లండు వంటి ఉత్తర దేశాల రకాలు 14 గంటలు దాటితే గాని కదలవు. హైదరాబాదులో డిసెంబరు చివర పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ. జూనులో 13 గంటలకు కాస్త ఎక్కువ. మన దగ్గర అంతకు మించి పెరగదు.

ఇప్పుడు ఆ సహోదరి చేను సంగతి చూడండి. జనవరి ఆఖరున నాటిన నారు వేరు నిలదొక్కుకొనేసరికి ఫిబ్రవరి సగము గడిచింది. మార్చిలో పగలు 12 గంటలు దాటింది, ఎండ ముదిరింది. నాలుగైదు ఆకులు మాత్రమే ఉన్న మొక్కను కాలము వచ్చి గడ్డ పెట్టమన్నది, అది పెట్టింది. అందుకే నాలుగు పొరలు. ఇక పూకాడల సంగతి. ఉల్లి రెండేండ్ల మొక్క. మొదటి ఏడు గడ్డ, రెండవ ఏడు పువ్వు, విత్తనము. నడుమ వచ్చే చలిని బట్టి అది తన రెండవ ఏడు వచ్చిందని గుర్తిస్తుంది. లేత నారుకు చలి తగిలినా దానికి పట్టదు. కాడ పెన్సిలు కంటె లావెక్కిన నారుకు డిసెంబరు, జనవరి రాత్రుల చలి తగిలితే మాత్రము, ఇంకా గడ్డ పెట్టకముందే తనకు ఏడు గడిచిందని మోసపోయి పూకాడ వేస్తుంది. ముదురు నారు కొన్నవారి కష్టమంతా ఇక్కడే ఉన్నది.

"దశమభాగము కాదమ్మా, నారు ముదిరింది, నాటు ఆలస్యమైంది" అని చెప్పాను. ఆమె రెండు ముక్కలనూ చేతిలో పెట్టుకొని చాలాసేపు చూచింది. పొరలు మళ్ళీ లెక్కపెట్టింది.

ఈ పొరపాటు చదువురాని వారే చేస్తారనుకోకండి. వేదశాస్త్రములో డిప్లొమా పుచ్చుకొన్న నేను కూడా చేశాను. కంచన్‌బాగ్ వచ్చిన క్రొత్తలో ఇంటి వెనుక నాలుగు మూరల మట్టి కనబడగానే నా లోపలి రైతు లేచాడు. వంటింట్లో మొలకెత్తిన పెద్ద పెద్ద గడ్డలు ఏరి నవంబరులో నాటాను. గడ్డ నాటితే గడ్డ వస్తుంది గదా అనుకొన్నాను! పది దినములకే పచ్చని కాడలు వచ్చాయి, సంఘస్థులు మెచ్చుకొన్నారు. జనవరిలో ప్రతి మొక్కకూ ఒక పూకాడ, దాని తలపై తెల్లని పూబంతి. త్రవ్వి చూస్తే నేను నాటిన గడ్డ రెండుగా, మూడుగా చీలి, మెత్తబడి ఉన్నది. ఎందుకంటే అది అప్పటికే తన మొదటి ఏడు ముగించిన గడ్డ. దాని ముందున్నది పువ్వే. మొలకెత్తిన గడ్డలను ఉల్లికాడల కొరకు నాటుకోండి, పప్పులోకి, వేపుళ్ళలోకి నెల రోజులు వస్తాయి. విత్తనము కావలసినవారు మంచి గడ్డలు ఏరి నాటుకోండి. గడ్డ కొరకు మాత్రము నాటవద్దు.

మరి ఆ స్కాట్లండు అబ్బాయి చూచిన గడ్డల సంగతి ఏమిటి? అవి వేరు. విత్తనమును ఒత్తుగా పోసి, ఒకదానికొకటి చోటు లేకుండా చేసి, గోళీకాయంత అయ్యేసరికి పీకి ఆరబెట్టి దాచినవి. పెరుగుదల మధ్యలో ఆపిన బిడ్డలవంటివి. మరుసటి కాలములో నాటితే ఆగినచోటు నుండి పెరుగుతాయి. గోళీకాయంత ఉండటములోనే కిటుకు ఉన్నది. 2 సెంటీమీటర్ల అడ్డుకొలత దాటితే ఇవి కూడా చలి తగలగానే పూకాడ వేస్తాయి. కనుక సంచిలో పెద్దవి ఏరి కూరలో వేసుకొని చిన్నవి నాటుకోవాలి. సాధారణముగా మనము దీనికి సరిగ్గా ఎదురు చేస్తాము.

మన దేశములోనూ ఈ పద్ధతి ఉన్నది. ఉత్తర భారతములో వానాకాలపు ఉల్లి కొరకు జనవరి మధ్య నుండి ఫిబ్రవరి మొదటి వరకు ఒత్తుగా విత్తుతారు. ఏప్రిల్, మే నెలలలో ఆకుతో సహా పీకి, కట్టలు కట్టి గాలి తగిలేచోట వ్రేలాడదీసి, ఆగస్టులో నాటుతారు. వానలకు నారుమడి కుళ్ళిపోయే బాధ తప్పుతుంది, నవంబరుకు పంట చేతికి వస్తుంది. ఎకరాకు నాలుగైదు క్వింటాళ్ళ చిన్న గడ్డలు కావాలి, పైగా మే నెల ఎండలలో కొంత ఎండిపోతాయి, కొంత కుళ్ళుతాయి. అందుచేత మన రెండు రాష్ట్రాలలో నారు పోసుకోవడమే తేలిక అని నా అభిప్రాయము. పెరటిలో ఒక బుట్టెడు చేసి చూడాలనుకొనేవారు చేయండి.

ఇక చలికాలపు పంటకు లెక్క చెప్పుతాను. అక్టోబరు రెండవ సగము నుండి నవంబరు మొదటి వారము లోపల నారు పోయాలి. కార్తెలు లెక్కపెట్టే మన పెద్దలకు చెప్పాలంటే స్వాతి కార్తె. నారుకు 40 నుండి 45 దినములు నిండగానే, అంటే డిసెంబరు మొదటి, రెండవ వారములలో నాటాలి. మన సంఘములలో సులువుగా జ్ఞాపకముండటానికి నేను ఇలా చెప్పుతుంటాను: క్రిస్మసుకు క్రొత్త బట్టలు కొనేలోగా నాట్లు అయిపోవాలి, మట్టల ఆదివారము నాటికి కాడలు వాలడము మొదలు కావాలి. ఈస్టరు పండుగ ముందు వెనుకలకు జరుగుతుంది గాని ఉల్లి జరగదు, ఆ తేడా మీరే సర్దుకోండి.

ఎకరాకు 3 నుండి 4 కిలోల విత్తనము, ఐదు సెంట్ల నారుమడి సరిపోతుంది. మడి మీటరు వెడల్పు, జానెడు ఎత్తు ఉంటే నీరు నిలువదు. చల్లకుండా వరుసలలో పోస్తే కలుపు తీయడము సులభము. విత్తనము ఆ ఏటిదే కావాలి. ఉల్లి విత్తనమంత త్వరగా చచ్చిపోయే విత్తనము కూరగాయలలో తక్కువ. నిరుటి డబ్బాలో మిగిలినది పోసి, మొలవలేదని మళ్ళీ కొని పోసేసరికి మూడు వారములు జారిపోతాయి. ఉల్లికి ఆ మూడు వారములే ప్రాణము. కొనే ముందు ఒక గుప్పెడు తడిగుడ్డలో కట్టి చూడండి.

రకము కూడా కాలమును బట్టి ఎన్నుకోవాలి. అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53, అర్క కళ్యాణ్, భీమా సూపర్ వంటివి వానాకాలమునకు. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్క నికేతన్, భీమా శక్తి, భీమా కిరణ్ వంటివి చలికాలమునకు. వానాకాలపు రకమును చలిలో వేస్తే జంట గడ్డలు, పూకాడలు ఎక్కువవుతాయి. నారు పీకిన తరువాత కొసలు మూడవ వంతు కత్తిరించి, జానెడులో సగము ఎడముగా పైపైన నాటండి. లోతుగా పెడితే గడ్డ కోలగా సాగుతుంది. ఉల్లి వేరు పైపైనే ఉంటుంది గనుక వారానికి, పది దినములకు ఒక తడి తప్పదు. సగము చేను కాడలు వాలినప్పుడు పీకవచ్చును. దానికి పది పదిహేను దినముల ముందే నీరు ఆపివేయాలి. ఆశకొద్దీ చివరి తడి ఇస్తే గడ్డ బరువు తూగుతుంది, ఇంటికి తెచ్చాక కుళ్ళుతుంది.

నాటే వేళ గడ్డ సైజుకే గాక రైతు బేరానికి కూడా సంబంధించినది. వానాకాలపు ఉల్లిలో తేమ ఎక్కువ, నిలువ ఉండదు. పీకిన కొద్ది దినములలో అమ్మవలసిందే. చలికాలములో నాటి ఎండలలో పీకిన ఉల్లి బాగా ఆరితే నాలుగైదు నెలలు ఆగుతుంది. దేశములో పండే ఉల్లిలో మూడింట రెండు వంతులు ఈ పంటదే. ప్రభుత్వము నిలువ చేసేదీ దీనినే. కర్నూలు ప్రాంతములో ఎక్కువ భాగము వానాకాలపు పంట. 2025 ఆగస్టు, సెప్టెంబరులలో ఆ పంట ఒక్కసారిగా వచ్చినప్పుడు ధర క్వింటాలు కొన్ని వందలకు పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయలకు కొన్నది, ఆ తరువాత హెక్టారుకు 50,000 రూపాయల సహాయము ప్రకటించింది. ఎకరము లెక్కన చూస్తే అది 20,000. పెట్టుబడి ఎంతో పొలము చేసినవారికి నేను చెప్పనక్కరలేదు. అదే ఉల్లి 2019 డిసెంబరులో కిలో 100 రూపాయలు దాటి, మన ఇండ్లలో ఉల్లి లేని ఉప్మా వండుకొన్నాము. 2023 డిసెంబరులో కేంద్రము ఎగుమతి నిలిపివేసి, 2024 మే నెలలో తిరిగి అనుమతించింది. ఇవేవీ రైతు చేతిలోనివి కావు. అమ్మకుండా కొన్నాళ్ళు ఆగగలగడము మాత్రము కొంతవరకు నాటిన నెలను బట్టి ఉంటుంది. నీటి వసతి ఉన్నవారు ఉన్న భూమి అంతా వానాకాలములోనే వేయక, కొంత చలికాలమునకు ఉంచుకొమ్మని నా సలహా. బోరు లేనివారికి ఈ సలహా పనికిరాదని నాకు తెలుసు. వారికి వానే గతి.

పాడేరు, లంబసింగి కొండలలోని మన సంఘములవారు, మాది చలి ప్రాంతమే గదా, మాకు స్కాట్లండు లెక్క వర్తిస్తుందా అని అడుగవచ్చును. వర్తించదు. మీకు చలి అక్కడిదే కావచ్చును గాని పొద్దు మాత్రము మనదే. మన రకాలే వేసుకోండి. చలి ముదిరేలోగా నారు లావెక్కకుండా చూసుకోండి.

ఇక పశ్చిమ గోదావరి తల్లిగారికి జవాబు. అమ్మా, మీ అబ్బాయిని తొందరపడవద్దని చెప్పండి. అక్కడ డిసెంబరు, జనవరిలలో నేల చాలా చల్లగా ఉంటుంది. మార్చి చివర నుండి ఏప్రిల్ అంతా నాటే కాలము. తేదీ కంటె మట్టిని చూడమనండి. పిడికెడు తీసి నొక్కి వదిలితే పొడిగా రాలాలి. జిగురుగా అంటుకొంటే ఇంకా ఆగాలి. దుకాణములో వేడిలో నిలువచేసిన గడ్డలని వ్రాసి ఉంటే అవి ఇంకా మంచివి. ఆ వెచ్చదనము వలన లోపలి పువ్వు మొలక చచ్చి, పూకాడ వచ్చే భయము తగ్గుతుంది. వాటిని ఏప్రిల్ చివర నాటినా ఫరవాలేదు. జానెడులో సగము ఎడము, వరుసకూ వరుసకూ మూరెడులో సగానికి పైగా. గడ్డ కొస మట్టిలో నుండి కనబడీ కనబడనట్లు ఉండాలి. పిట్టలు వచ్చి ఆ కొస పట్టుకొని పీకుతాయట, మొదటి రెండు వారములు పైన వల కప్పమనండి. జూనులో అక్కడ పగలు 17 గంటలు దాటుతుంది గనుక గడ్డ ఊరడము అప్పుడు మొదలై ఆగస్టులో కాడలు వాలుతాయి.

మన విత్తనము మాత్రము పంపవద్దు. అనుమతి లేకుండా విత్తనము దేశాలు దాటించకూడదు, అది చట్టము. చట్టము సంగతి అటుంచినా, 12 గంటలకు గడ్డ పెట్టే మన ఉల్లి అక్కడి ఏప్రిల్ నెల పొద్దు చూచి, రెండాకులకే బఠాణీ గింజంత గడ్డ పెట్టి ఊరుకొంటుంది. అక్కడి విత్తనము ఇక్కడికి తెచ్చినా అంతే. 14 గంటల పొద్దు కొరకు ఎదురుచూస్తూ ఆకులు వేస్తూనే ఉంటుంది, మన నేల మీద ఆ పొద్దు ఎన్నటికీ రాదు. ఐగుప్తు ఉల్లిని తలచుకొని అరణ్యములో ఇశ్రాయేలీయులు ఏడ్చిన సంగతి సంఖ్యాకాండము 11వ అధ్యాయములో ఉన్నది. బైబిలు అంతటిలో ఉల్లి పేరు కనబడేది ఆ ఒక్కచోటే. మీ అబ్బాయికి ఇంటి ఉల్లి రుచి మీద మనసు పోతే, సెలవులకు వచ్చినప్పుడు తినిపించండి.

అలంపురం సహోదరి వెళ్ళేటప్పుడు మా కోసిన ఉల్లి ముక్కలు రెండూ కాగితములో చుట్టుకొని పట్టుకుపోయింది, ఇంటాయనకు చూపించాలని. ఆసుపత్రి మందులతో ఆయన కూర్చోగలుగుతున్నాడు. పెద్దమ్మాయి ఫీజు సంఘములో కొందరు, వారి అన్నగారు కలిసి సర్దారు, పిల్ల మళ్ళీ కాలేజీకి వెళ్ళింది. ఈసారి రెండెకరాలు కాదు, అర ఎకరమే చేస్తున్నారు. మొన్న ఆదివారము ఆరాధన అయ్యాక ఫోను చేసింది. విత్తనము తడిగుడ్డలో కట్టి చూచి, నూటికి ఎనభై మొలిచాక, స్వాతి కార్తెలోనే నారు పోసిందట. "మడి పచ్చగ లేచింది అయ్యగారూ. కోళ్ళు గీరకుండా చుట్టూ కంప గొట్టినా. మీరు చెప్పిన నలభై దినాలు గోడ మీద బొగ్గుతో గీతలు పెడుతున్నా, ఈ పొద్దుకు తొమ్మిది" అన్నది.